మంగుకు మందు ఉన్నది, మాయ లేదు

గోదావరి, మంజీర, హరిద్ర నదులు కలిసే కందకుర్తి సంగమానికి పర్వదినాలలో బోధన్, నిజామాబాదు ప్రాంతాల నుంచే గాక నది అవతల మహారాష్ట్ర గ్రామాల నుంచి కూడా జనం తరలివస్తారు. ఆడవాళ్లు ముఖానికి పసుపు రాసుకొని మూడు మునకలు వేస్తారు. నీళ్లలోంచి లేచినప్పుడు పసుపు కడిగిపోతుంది. పసుపు కింద ఉన్న నల్లమచ్చ మాత్రం పోదు. ముప్ఫై దాటిన కూలి ఆడవాళ్లలో చాలామంది ముఖాన ఈ మచ్చ కనిపిస్తుంది. పల్లెల్లో దీన్నే మంగు అంటారు. వైద్యులు మెలాస్మా అంటారు.

మంగు ప్రాణం తీసే జబ్బు కాదు. నొప్పి ఉండదు, అంటుకోదు. కానీ రెంజల్ మండలంలోనైనా, బోధన్ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా ఆడవాళ్లను అడిగితే, మంగు కోసం ఏదో ఒకటి రాయనివారు తక్కువ. సంతలో కొన్న డబ్బా ఒకరిది, మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చిన గొట్టం ఒకరిది, పక్కింటావిడ వాడగా మిగిలిన మందు మరొకరిది. మచ్చ వల్ల మనిషికి ఏ హానీ లేదు. హాని అంతా మచ్చకు రాసే మందు వల్లనే జరుగుతున్నది. ఈ సంగతి పల్లెల్లో ఎవరైనా విడమరచి చెప్పవలసి ఉన్నది.

మచ్చ ఎందుకు వస్తుంది?

మంగు రాగానే శని పట్టిందని కొందరు, రక్తం చెడిందని కొందరు, కాలేయం పాడయిందని మరికొందరు అనుకోవడం ఉన్నది. ఇవేవీ కారణాలు కావు. చర్మంలో రంగును తయారుచేసే కణాలు ఉంటాయి. ఎండ దెబ్బ లోపలికి తగలకుండా ఈ కణాలు మెలనిన్ అనే నల్లని పదార్థాన్ని తయారుచేసి గొడుగులా పరుస్తాయి. కొందరిలో, ముఖ్యంగా బుగ్గలు, నుదురు, ముక్కు, పై పెదవి భాగాలలో ఈ కణాలు అవసరానికి మించి పనిచేస్తాయి. అక్కడ మచ్చ కడుతుంది.

దీనికి మొదటి కారణం ఎండ. నాట్లు వేయడం, కలుపు తీయడం, చెరకు కొట్టడం, పసుపు తవ్వి ఆరబెట్టడం అన్నీ ఎండ పనులే. శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర కర్మాగారం 2015 చివర మూతపడిన తరువాత చెరకు తగ్గి వరి, సోయా పెరిగినా, ఆడవాళ్ల పని ఎండలోంచి నీడలోకి మారలేదు. రెండవ కారణం కాన్పు. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో జరిగే మార్పుల వల్ల చాలామందికి మంగు వస్తుంది. కాన్పు తరువాత కొన్ని నెలలకు దానంతట అదే పలచబడటం కూడా జరుగుతుంది. మూడవది సంతాన నిరోధక మాత్రలు. మాలా-డి, మాలా-ఎన్ వంటి మాత్రలతో కొందరికి మంగు రావచ్చు. అంతమాత్రాన మాత్రలు తమంతట తాము మానివేయడం తెలివైన పని కాదు. ఏ.ఎన్.ఎం.కు చెబితే కాపర్-టి వంటి వేరే పద్ధతి చూపుతారు. నాలుగవది వంశం. తల్లికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం ఎక్కువ. పొయ్యి వేడి కూడా మంగును పెంచుతుందని వైద్యులు భావిస్తున్నారు. మగవారికి కూడా మంగు వస్తుంది గాని తక్కువ.

ముఖం మీద ప్రతి నలుపూ మంగు కాదన్నది ఇంకో ముఖ్య విషయం. మెడ వెనుక, చంకలలో చర్మం నల్లబడి మందంగా, ముఖమల్ గుడ్డలా మారితే అది తరచు చక్కెర వ్యాధికి ముందు వచ్చే హెచ్చరిక. దానిని మురికి అనుకొని పీచుతో రుద్దడం కంటే రక్తపరీక్ష చేయించుకోవడం మేలు. తలకు వేసే నల్లరంగు పడక నుదుటి మీద, చెవుల వద్ద నల్లబడటం ఉన్నది. అతికించే బొట్టుబిళ్ల జిగురు వల్ల నుదుటిమీద రంగు పోయి తెల్లమచ్చ పడటం ఉన్నది. వీటికి గొట్టం మందు రాస్తే ఫలితం ఉండదు. కారణాన్ని ఆపాలి.

గొట్టంలో ఏమున్నది?

మంగుకు చీటీ లేకుండా అమ్ముడయ్యే గొట్టాలలో తరచు మూడు మందులు కలిసి ఉంటాయి. ఒకటి హైడ్రోక్వినోన్. ఇది మెలనిన్ తయారీని తగ్గిస్తుంది. రెండవది ట్రెటినాయిన్. ఇది పైచర్మం త్వరగా మారేటట్లు చేస్తుంది. మూడవది స్టీరాయిడ్. ఇది మంటను, ఎరుపును అణచివేస్తుంది. ఈ మూడింటిని కలిపే పద్ధతిని అమెరికాలో క్లిగ్‌మన్, విల్లిస్ అనే వైద్యులు 1975లో ప్రకటించారు. అది పనికిరాని మందు కాదు. మంగుకు నేటికీ వైద్యులు వాడే మందులలో అది ఒకటి. కానీ దానికి గడువు ఉన్నది. ఈ మూడు మందుల కలయికను సాధారణంగా ఎనిమిది వారాలకు మించకుండా, రాత్రిపూట మాత్రమే, మచ్చ ఉన్నంత మేరకు మాత్రమే, మధ్యమధ్య వైద్యునికి చూపించుకుంటూ వాడాలి. కడుపుతో ఉన్నవారు ట్రెటినాయిన్ ఉన్న మందు ముట్టరాదు.

పల్లెల్లో జరుగుతున్నది దీనికి పూర్తిగా విరుద్ధం. మచ్చకు రాయవలసినది ముఖమంతా పౌడరులా పూస్తున్నారు. ఎనిమిది వారాలు వాడవలసినది ఏళ్ల తరబడి వాడుతున్నారు. మొదటి పది పదిహేను రోజులు ముఖం తెల్లబడినట్లు, నునుపుగా కనిపిస్తుంది. దీనితో నమ్మకం కుదురుతుంది. ఆ తరువాత చర్మం పలచబడుతుంది. ఎర్రని సన్నని నరాలు పైకి కనిపిస్తాయి. మొటిమలు లేస్తాయి. ఆడవారి చెంపల మీద, గడ్డం మీద వెంట్రుకలు వస్తాయి. ఎండలోకి వెళితే భగ్గుమని మండుతుంది. మందు ఆపితే ముఖం ఎర్రబడి, ఉబ్బి, మచ్చ మునుపటి కంటే నల్లగా తిరిగి వస్తుంది. ఆ మంట తట్టుకోలేక మళ్లీ అదే గొట్టం కొంటారు. సారాకు అలవాటు పడినవాడికీ, దీనికి అలవాటు పడిన ముఖానికీ తేడా లేదు.

ఈ అవస్థ ఎంత ఎక్కువగా ఉన్నదంటే, స్టీరాయిడ్ పూతతో పాడయిన ముఖానికి భారతీయ చర్మ వైద్యులే ఒక ప్రత్యేకమైన పేరు పెట్టవలసి వచ్చింది. 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, దేశంలోని వేర్వేరు కేంద్రాలకు ముఖం జబ్బులతో వచ్చిన 2,926 మందిని పరిశీలించగా 433 మంది ముఖానికి స్టీరాయిడ్ పూస్తున్నవారేనని తేలింది. అంటే ప్రతి ఏడుగురిలో ఒకరు. వారిలో కొందరు దానిని తెల్లబడే క్రీము అనుకొని వాడినవారే.

తామరకు కూడా ఇదే గొట్టం రాయడం మరొక పొరపాటు. స్టీరాయిడ్ వల్ల దురద తగ్గుతుంది, తామర మాత్రం లోలోపల పాకుతుంది. గుండ్రంగా ఉండవలసిన మచ్చ ఆకారం మారిపోయి, చివరకు వైద్యుడు కూడా గుర్తుపట్టలేని స్థితి వస్తుంది.

చట్టం ఉన్నది, అమలు ఏది?

చర్మానికి పూసే స్టీరాయిడ్లకు ఒకప్పుడు చీటీ నిబంధన నుంచి మినహాయింపు ఉండేది. చర్మ వైద్యుల ఒత్తిడితో కేంద్ర ప్రభుత్వం 2018 మార్చిలో 14 రకాల స్టీరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. వైద్యుని చీటీ లేకుండా వీటిని అమ్మడం చట్టరీత్యా నేరం. గొట్టం మీద ఎడమవైపు నిలువు ఎర్రగీత, షెడ్యూల్ హెచ్ హెచ్చరిక ఉంటే అది సబ్బు, పౌడరు వంటి వస్తువు కాదని, వైద్యుడు రాస్తేనే వాడవలసిన మందు అని అర్థం. బెటామెథసోన్, మోమెటసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్ వంటి పేర్లు కనిపిస్తే అందులో స్టీరాయిడ్ ఉన్నట్లే. ఇంట్లో హైస్కూలు చదివే పిల్లవాడు ఉంటే చాలు, ఈ పేర్లు చదివి చెప్పగలడు. అమ్మలకు పిల్లలు చేయగల సాయాలలో ఇదొకటి.

అయితే చట్టం కాగితం మీద ఉన్నంత మాత్రాన పని జరగదు. చీటీ అడగకుండా గొట్టం ఇచ్చే దుకాణదారుడు, చదువు లేని ఆడమనిషి అమాయకత్వాన్ని అమ్ముకుంటున్నాడు. చీటీ ఉంటేనే ఇస్తానని చెప్పే దుకాణదారుడు ఒక బేరం పోగొట్టుకుంటాడు గాని ఒక ముఖాన్ని కాపాడుతాడు. అట్టి దుకాణదారులు కూడా జిల్లాలో లేకపోలేదు. వారిని చూసి మిగతావారు నేర్చుకోవాలి.

పేరు లేని డబ్బాలు

వీటన్నింటికంటె ప్రమాదకరమైనవి తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, తేదీ ఏదీ లేకుండా వచ్చే క్రీము డబ్బాలు. ఇట్టి వాటిలో పాదరసం కలుపుతున్నట్లు దేశదేశాలలో పరీక్షలలో బయటపడింది. పాదరసం కూడా చర్మంలో రంగు తయారీని ఆపుతుంది. అందువల్ల ముఖం త్వరగా తెల్లబడుతుంది. కానీ అది చర్మం గుండా రక్తంలో చేరి మూత్రపిండాలను పాడుచేస్తుంది.

కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో ఒక ఆసుపత్రి వైద్యులు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు వరకు ఒకే రకమైన మూత్రపిండాల జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. వారిలో 15 మందికి ఒక అరుదైన లక్షణం కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవారే. ఒళ్లు వాపులతో, మూత్రంలో నురగతో ఆసుపత్రికి వచ్చిన వారికి తమ జబ్బు ముఖానికి రాసిన క్రీము నుంచి వచ్చిందని మొదట తోచలేదు. ఆ వైద్యుల పరిశీలన 2024లో ప్రచురితమై దేశమంతటా చర్చకు వచ్చింది.

సౌందర్య సాధనాలలో పాదరసం కలపడాన్ని భారత ప్రభుత్వ నిబంధనలు నిషేధిస్తున్నాయి. 2013లో దేశాలన్నీ కలిసి చేసుకున్న మినమాటా ఒడంబడిక కూడా ఇదే చెబుతున్నది. అయినా సంతలో, జాతరలో, ఫోను ద్వారా తెప్పించే సరుకులో ఈ డబ్బాలు రావడం ఆగలేదు. రాష్ట్రాల సరిహద్దు మీద ఉన్న కందకుర్తి వంటి చోట్ల ఏ సరుకు ఎటు నుంచి వచ్చిందో కనిపెట్టడం కష్టం. కాబట్టి కొనేవారే జాగ్రత్త పడాలి. పేరు, చిరునామా, లైసెన్సు నంబరు లేని డబ్బాను ఉచితంగా ఇచ్చినా తీసుకోరాదు. ఇప్పటికే వాడుతున్నవారికి కాళ్లు వాచినా, మూత్రంలో నురగ వచ్చినా ఆ డబ్బా వెంట తీసుకొని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

హైడ్రోక్వినోన్‌ను ఇష్టం వచ్చినట్లు వాడితే ఏమవుతుందో దక్షిణాఫ్రికా అనుభవం చెబుతున్నది. అక్కడ ఏళ్ల తరబడి తెల్లబడే క్రీములు పూసినవారి ముఖాలు తెల్లబడకపోగా, బొగ్గు పొడి చల్లినట్లు నీలి నలుపుగా మారాయి. ఆ మచ్చకు మందు దొరకడం చాలా కష్టం. 1975లో అక్కడి వైద్యుడు ఒకరు దీనిని లోకం దృష్టికి తెచ్చారు. 1990లో ఆ దేశం హైడ్రోక్వినోన్ ఉన్న తెల్లబడే క్రీములనే నిషేధించింది. తెల్లని ముఖం ఆశ చూపి అమ్మిన సరుకే చివరకు మరింత నలుపు మిగిల్చింది.

మరి ఏమి చేయాలి?

మంగుకు మొదటి మందు నీడ. ఇది చెప్పడం తేలికే గాని, కూలికి వెళ్లకపోతే పొయ్యి వెలగని ఇంటికి ఎండలోకి వెళ్లవద్దని చెప్పడం న్యాయం కాదు. చేయగలిగినది చేయాలి. అంచు వెడల్పుగా ఉన్న టోపీ గాని, కొంగు మీద మడతపెట్టి ముందుకు వచ్చేటట్లు కట్టిన రుమాలు గాని ముఖానికి నీడ ఇస్తుంది. వీలైన చోట పొద్దున్నే పని మొదలుపెట్టి మిట్టమధ్యాహ్నం చెట్టు నీడన ఆగడం మంచిది. ఎండ నుంచి కాపాడే పూత కొనగలిగినవారు ఎస్.పి.ఎఫ్. 30 గాని అంతకు మించినది గాని తీసుకొని, బయలుదేరే ముందు ఒకసారి, చెమటకు కారిపోతుంది గనుక రెండు మూడు గంటలకు మరొకసారి రాయాలి. కొద్దిగా మట్టిరంగు కలిపిన పూతలు మంగుకు మరీ మంచివి. కంటికి కనిపించే వెలుతురును కూడా అవి కొంత అడ్డుకుంటాయి. నీడ లేకుండా ఎంత ఖరీదైన మందు రాసినా చిల్లికుండలో నీళ్లు పోసినట్లే.

రెండవది వైద్యుని సలహా. అజెలాయిక్ ఆమ్లం అనే పూతమందు నెమ్మదిగా పనిచేసినా ప్రమాదం తక్కువ. అవసరమైతే కడుపుతో ఉన్నవారికి కూడా వైద్యులు రాస్తారు. కోజిక్ ఆమ్లం, నియాసినమైడ్ వంటివి ఉన్నాయి. మచ్చ మొండిదైతే హైడ్రోక్వినోన్‌ను కొద్ది నెలల పాటు వైద్యుడే చూస్తూ వాడిస్తాడు. ట్రనెక్సామిక్ ఆమ్లం మాత్రలు కూడా కొందరికి ఇస్తారు గాని, రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవారికి అవి ప్రమాదం. చీటీ లేకుండా మింగరాదు. లేజరు, రసాయనాలతో చర్మం ఒలిపించడం వంటివి నలుపు, చామనఛాయ చర్మాలకు కొన్నిసార్లు కొత్త మచ్చలు తెచ్చిపెడతాయి. వాటికి డబ్బు పోసే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

ఏ మందైనా ఫలితం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. పూర్తిగా పోతుందని ఏ మంచి వైద్యుడూ మాట ఇవ్వడు. తగ్గిన మంగు ఎండకు మళ్లీ రావచ్చు. వారం రోజుల్లో తెల్లగా చేస్తానన్నవాడు అబద్ధం చెబుతున్నాడు, లేదా స్టీరాయిడో పాదరసమో అమ్ముతున్నాడు.

ఇంటి వైద్యం సంగతి. పసుపు పండించే జిల్లా ఇది. జాతీయ పసుపు బోర్డు కూడా 2025 జనవరిలో నిజామాబాదులోనే ప్రారంభమయింది. శుభ్రమైన పసుపు రాసుకుంటే చాలామందికి హాని లేదు, మంగు పోతుందన్న భరోసా కూడా లేదు. రాసిన చోట దురద పుడితే మానివేయాలి. నిమ్మరసం రాసి ఎండలోకి వెళ్లడం మాత్రం చేయరాదు. చర్మం కాలి కొత్త మచ్చలు పడతాయి. పళ్లపేస్టు, సున్నం, బట్టల సోడా ముఖానికి రుద్దడం కూడా ఇట్టిదే.

రంగు బేరం

ఇంతమంది ఆడవాళ్లు ఇంత డబ్బు పోసి ముఖం కాల్చుకోవడానికి కారణం మచ్చ ఒక్కటే కాదు. పెళ్లిచూపులలో పిల్ల రంగు అడగడం, నల్లపిల్ల అయితే కట్నం మరికొంత కలపమనడం ఊరూరా ఉన్నదే. దేశంలో అన్నింటికంటె పేరు మోసిన తెల్లబడే క్రీము 1975లో బజారులోకి వచ్చింది. నలభై అయిదేళ్ల తరువాత, 2020లో, విమర్శలు పెరిగి ఆ కంపెనీయే పేరులోంచి తెలుపు అన్న అర్థం వచ్చే మాటను తీసివేసింది. అదే సంవత్సరం ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం, 1954 నాటి మాయమందుల ప్రకటనల చట్టాన్ని సవరించి రంగు తెలుపు చేస్తామన్న ప్రకటనలను కూడా దాని కిందికి తేవాలని ముసాయిదా ప్రకటించింది. కంపెనీ పేరు మార్చుకున్నది గాని పెళ్లిచూపుల మాట మారలేదు.

చామనఛాయ ఒక జబ్బు కాదు, దానికి మందు అవసరం లేదు. మంగు ఒక జబ్బు, దానికి వైద్యం ఉన్నది. ఈ రెండింటినీ కలిపి ఒకే గొట్టంలో అమ్ముతున్నందువల్లనే ఇంత నష్టం జరుగుతున్నది. ఎండలో పనిచేసి ఇల్లు నిలబెట్టిన తల్లి ముఖాన వచ్చిన మచ్చను వంక పెట్టే భర్త గాని, అత్తగారు గాని, ఆ ఎండ ఎవరికోసం కాసిందో ఒకసారి తలచుకోవాలి.

అధికారులు చేయవలసినది

చర్మ జబ్బుల విషయంలో నిజామాబాదు జిల్లాకు గర్వించదగిన చరిత్ర ఉన్నది. కుష్ఠు అంటే ఊరు వెళ్లగొట్టే రోజులలో, స్కాట్లండు నుంచి వచ్చిన డాక్టరు ఇసబెల్ కెర్ స్థానిక దాత నర్సాగౌడ్ చేయూతతో 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి నెలకొల్పి, వెలివేయబడినవారికి చాల్‌మోగ్రా నూనెతో చికిత్స చేశారు. నేడు కుష్ఠుకు ఉచితంగా మాత్రలు ఉన్నాయి, పూర్తిగా నయమవుతుంది. ముఖం మీద గాని, ఒంటి మీద గాని స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉంటే దానికి గొట్టం మందు రాసి దాచుకోకుండా వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవాలన్నది ఆ చరిత్ర నేర్పిన పాఠం.

నిజామాబాదులో వైద్య కళాశాల, దానికి అనుబంధంగా ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉన్నాయి. కానీ కందకుర్తి కూలి మనిషికి నిజామాబాదు వెళ్లి రావడమంటే ఒకరోజు కూలి పోవడం, పైగా బస్సు ఛార్జీలు. చీటీ కోసం ఒక రోజు పోగొట్టుకోవడం కంటే చీటీ అడగని దుకాణం దగ్గరగా కనిపిస్తుంది. అందువల్ల చర్మ వైద్యులు వారానికి ఒకరోజైనా బోధన్ ప్రభుత్వ ఆసుపత్రికి, నెలకు ఒకసారైనా మండల ఆరోగ్య కేంద్రాలకు వచ్చి చూసే ఏర్పాటు చేయాలి. గర్భిణులను చూసే ఏ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు మంగు గురించి, గొట్టం మందుల గురించి రెండు మాటలు తప్పక చెప్పాలి. ఔషధ తనిఖీ అధికారులు చీటీ లేని అమ్మకాలపై దుకాణాలలోనే గాక సంతలలో, సంగమం వద్ద పర్వదినాలలో కూడా తనిఖీలు జరపాలి. 2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. లక్షల జనం కూడే ఆ రోజులకు ముందుగానే ఈ పని ప్రారంభించడం అవసరం.

అంతవరకు ఆడవాళ్లు చేయగలిగినది ఒకటున్నది. ఇంట్లో గూట్లో ఉన్న గొట్టం తీసి, దానిమీద ఎర్రగీత ఉన్నదో లేదో చూడాలి. ఉంటే, ఎంతకాలంగా వాడుతున్నారో లెక్క వేసుకొని, ఒక్కసారిగా ఆపకుండా, ఆ గొట్టం చేతపట్టుకొనే వైద్యుని వద్దకు వెళ్లాలి. మంగు ముఖాన మిగిలినా బతుకు సాగుతుంది. మూత్రపిండం పాడయితే ఇల్లు కూలుతుంది.